తుపాకిది నలభై, నాది ముప్పయి

గురి అనే మాటకు మన భాషలో రెండు అర్థాలున్నవి. బాణం వేసేవాడు దేన్ని కొట్టదలుచుకున్నాడో అది గురి. ఒకరి మీద మనకుండే నమ్మకమూ గురే. ‘ఆ డాక్టరు మీద మాకు గురి’ అంటాం. కన్నడంలో గురి, తమిళంలో కుఱి. మాట మన దక్షిణాది వాళ్ళ సొంత సొత్తు. తుపాకి అట్లా కాదు, అది తురుష్కుల మాట, మారుతూ మారుతూ మన దాకా వచ్చింది. యీ అరువు తుపాకికి మన సొంత గురి ఎట్లా కుదురుతుందన్నదే ఈ వారం సంగతి. తుపాకి పేరు చూసి పేజీ తిప్పెయ్యకండి. ఇందులో నెత్తురు తక్కువ. గుడ్డపేలికలూ, నువ్వుల నూనె, ఇనప గరిటె, జానలూ బెత్తెలూ ఎక్కువ.

మా ఊరు నడిగూడెం. కోదాడకు దగ్గర, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. ఒకప్పుడు మునగాల జమీందార్లకు రాజధాని. నిజాం రాజ్యం మధ్యలో మద్రాసు రాజధానికి చెందిన దీవిలాగా వుండేది ఆ పరగణా. 1959లో గాని నల్గొండ జిల్లాలో కలవలేదు. రాజా నాయని వెంకటరంగారావుగారి కోట ఇప్పటికీ వుంది. ఆయన దగ్గర దివానుగా వున్న కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, శాస్త్రాలను తెలుగులో అచ్చువేయించారు. జాతీయ పతాకం పింగళి వెంకయ్యగారు బోయర్ యుద్ధంలో సిపాయిగా పనిచేసి వచ్చిన మనిషి. మా ఊళ్ళో కొన్నేళ్ళుండి పత్తి మీద ప్రయోగాలు చేసి ‘పత్తి వెంకయ్య’ అనిపించుకున్నారు. ప్రయోగం చేసి ఫలితం రాసిపెట్టుకోవడం మా ఊరికి కొత్త కాదని చెప్పడానికే ఇదంతా. మా తాతగారూ అటువంటి పుస్తకం ఒకటి రాశారు. అది అచ్చు కాలేదు, కాదు కూడాను. చింతపండూ వేరుశనగా లెక్కలు రాసుకునే పొడుగు పుస్తకంలో వెనకవైపు నుంచి మొదలుపెట్టి, 1961 నుంచి పదేళ్ళపాటు తన తుపాకి పేల్చిన ప్రతి దెబ్బా అందులో ఎక్కించారు.

ఆ తుపాకి భర్మారు. నింపి కొట్టేది గనక భర్మారు. తూటా వేసి పేల్చేది కాదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, దాని మీద గుండు కూరి, కడ్డీతో దట్టించి, వెనక టోపీ పెట్టి పేల్చాలి. సాయుధ పోరాటం రోజుల్లో తెలంగాణా పల్లెల్లో ఎక్కువగా వినపడ్డ తుపాకి పేరు ఇదే. తాతగారికి మాత్రం పంట కాపలాకు లైసెన్సు మీద వచ్చింది. గుట్టల మీది తుప్పల్లోంచి అడవి పందుల మంద రాత్రికి దిగిందంటే వేరుశనగ చేను తెల్లారేసరికి దున్నిన మడి అయ్యేది.

గొట్టం సుమారు పన్నెండు బోరు. ఈ పన్నెండు ఏమిటని చాలామందికి సందేహం. అంగుళాలు కావు, మిల్లీమీటర్లు కావు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం పన్నెండు బోరు. పదహారు గుండ్లు పోస్తే పదహారు బోరు. అంచేత అంకె పెరిగినకొద్దీ గొట్టం సన్నబడుతుంది. పన్నెండో బోరు గుండు మూడు తులాల పైచిలుకు తూగుతుంది, అంటే సుమారు 38 గ్రాములు. రవ్వలు వేస్తే పిట్టలకూ కుందేళ్ళకూ సరిపోతుంది. పందికి ఒక్కటే గుండు కావాలి. రవ్వల్లో రెండు తప్పినా నాలుగు తగులుతాయి. గుండు తప్పితే తప్పినట్టే.

గుండ్లు ఇంట్లోనే పోసేవారు. సీసం 327 డిగ్రీల వేడికి కరుగుతుంది. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి చాలు. గాలివాటం చూసుకుని, పొగ ముఖాన కొట్టకుండా కూచునేవారు. ఆ గరిటె మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదని మా నాయనమ్మ ఆజ్ఞ. సీసం ఒంటికి విషమని ఆవిడ ఏ పుస్తకంలో చదివిందో గాని, ఆజ్ఞ మాత్రం సరైనదే. కరిగిన సీసాన్ని పటకారు లాంటి అచ్చులో పోసి, చల్లారినాక తోక కత్తిరిస్తే గుండు తయారు. మొదటి నాలుగైదు ముడతలు పడి వచ్చేవి, అచ్చు ఇంకా వేడెక్కలేదు గనక. అవి మళ్ళీ గరిటెలోకి.

అసలు పని తరవాత మొదలయ్యేది. కంసాలి దగ్గర కొన్న చిన్న త్రాసులో ప్రతి గుండూ తూచేవారు. పైకి ఒక్కలాగే మెరుస్తున్న గుండ్లలో ఒకటి రెండు తేలికగా వచ్చేవి. తేలిక అంటే లోపల గాలిబుడగ వున్నట్టు. అది ఏ పక్కన వుందో ఎవరికి తెలుసు? అటువంటి గుండు బరువు ఒక వైపుకు ఒరిగి, తన దారిన తాను పోతుంది. పుస్తకంలో మొదటి పేజీల్లో తూకం గురిగింజల్లో వుంది. తరవాత తరవాత గ్రాముల్లోకి మారింది. గురి కోసం గురిగింజలు తూచడం నాకు చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది. తాతగారికి మాత్రం అందులో శ్లేష కనిపించి వుండదు.

మందు కొలత ఇత్తడి గొట్టంతో. పోసి, వేలితో లెక్కపెట్టి తట్టి, పైన అట్టముక్కతో సమంగా గీసేవారు. ఎక్కువ పోస్తే ఎక్కువ దూరం పోతుంది గదా అని అడిగిన వాళ్ళకు, ‘పప్పులో ఉప్పు ఎక్కువేస్తే ఎక్కువ రుచా?’ అనేవారు. కూరే కడ్డీ మీద ఆకురాయితో ఒక గీత పెట్టారు. మందూ గుండూ సరిగ్గా దిగితే గీత గొట్టం మూతికి సమంగా వస్తుంది. గీత పైకి వుంటే గుండు మధ్యలో ఆగిపోయిందన్నమాట. మందుకూ గుండుకూ నడుమ ఖాళీ వుంటే పేల్చినప్పుడు గొట్టం ఉబ్బి పగలవచ్చు. ఒకసారి నింపిన సంగతి మరిచి రెండోసారి నింపే ప్రమాదాన్ని కూడా ఆ గీతే చెప్తుంది. ఆ వొక్క గీత మా ఇంట్లో ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్క లేదు.

ఇంత చేసినా గుండు చెప్పిన మాట వినదు. ఎందుకు వినదో మొట్టమొదట ప్రయోగం చేసి చూపినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషువాడు. 1742లో ఆయన రాసిన గ్రంథంతోనే తుపాకి విద్య శాస్త్రమయింది. నున్నటి గొట్టంలో వదులుగా పోయే గుండు ఏదో ఒక పక్కను రాసుకుంటూ బయటికి వస్తుంది. రాసుకున్న వైపును బట్టి గిరగిర తిరుగుతుంది. తిరిగే గుండును గాలి ఒక పక్కకు లాగుతుంది. ఈ మాట నమ్మించడానికి ఆయన ఒక తుపాకి గొట్టం కొసను ఎడమ వైపుకు వంచి, దారిలో పలచటి కాగితం తెరలు కట్టి పేల్చాడు. గుండు మొదట ఎడమకే పోయింది. ఆ తరవాత గాలిలో దారి మార్చుకుని, చివరి గోడ మీద కుడిపక్కన తగిలింది! క్రికెట్టు బంతి గాలిలో వొంపు తిరగడం చూసిన పిల్లలకు ఇది వింతగా తోచదు. ఇంకొక విశేషం: ఈ రాబిన్స్ తూర్పిండియా కంపెనీ కొలువులో కోటలు బాగుచెయ్యడానికి 1750లో మన కోరమండల్ తీరానికే వచ్చి, మరుసటి ఏడు ఇక్కడే జ్వరంతో చనిపోయాడు.

తాతగారికి రాబిన్స్ పేరు తెలియదు. కాని వదులు గుండు పనికిరాదని తెలుసు. అంచేత పాత నేతపంచె చింపి, నువ్వుల నూనెలో కొంచెం మైనం కలిపి పట్టించి, ఆ పేలికలో గుండును చుట్టి కూరేవారు. గుడ్డ గొట్టానికి బిర్రుగా పట్టి గుండును మధ్యలో నిలుపుతుంది. బయటికి రాగానే ఊడి పడిపోతుంది. దీనివల్ల లాభం ఎంత? ఊళ్ళో తలా ఒక మాట చెప్పారు. తాతగారు మాటలు కట్టిపెట్టి చెరువుకు నడిచారు.

ఫాల్గుణ మాసం, కోతలయినాయి, చెరువు సగం ఎండింది. కట్ట మూడు నిలువుల ఎత్తు మట్టి; గుండు అవతలికి పోయే దారి లేదు. కట్ట మీద ఇటూ అటూ ఇద్దరు కుర్రాళ్ళను నిలబెట్టి, మనుషుల్నీ పశువుల్నీ రానివ్వద్దని చెప్పారు. ఈతచాప నిలబెట్టి దాని మీద పాత పత్రికలు అంటించి, నడుమ మసితో చుక్క పెట్టారు. తుపాకిని ఇసుక బస్తా మీద ఆనించి, తన చెయ్యి వణుకు లెక్కలోకి రాకుండా చూసుకుని, దూరానికి పదేసి దెబ్బలు కొట్టారు. కొలిచింది జానతోనే. జాన అంటే తొమ్మిది అంగుళాలు, మూర పద్ధెనిమిది, బెత్తెడు నాలుగు వేళ్ళు.

వదులు గుండు: ఇరవై అయిదు గజాలలో పదీ జానెడులో పడ్డవి. నలభై గజాలలో మూరెడు. అరవై గజాలలో రెండు గుండ్లు చాపనే తాకలేదు. గుడ్డ చుట్టిన గుండు: ఇరవై అయిదులో బెత్తెడు, నలభైలో జానెడు లోపు, అరవైలో మూరెడు లోపు. పంచె ముక్కకు అంత విలువ!

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేయవచ్చు. పదేసి ఎందుకు? మందు దండగ కదా, మూడు చాలవా? చాలవు. మూడు దెబ్బలు ఎవరికైనా దగ్గరగా పడతాయి. కొట్టినకొద్దీ గుంపు విచ్చుకుంటుంది గాని ముడుచుకోదు. ఒకే తుపాకి, ఒకే చెయ్యి అయినా, పది దెబ్బల గుంపు మూడు దెబ్బల గుంపుకు సగటున ఒకటిన్నర రెట్లు పైగా వుంటుందని లెక్కల వాళ్ళు తేల్చారు. పక్షి కన్ను కొట్టిన అర్జునుడి కథ క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు ఇదే గుర్తుకొస్తుంది. ద్రోణుడు ఒక్క బాణంతో తృప్తిపడ్డాడు. మా తాతగారైతే ‘నాయనా, ఇంకో తొమ్మిది వెయ్యి’ అనేవారు.

ఒక్క దెబ్బ నమ్మిన వాళ్ళ సంగతి ఆ ప్రాంతంలోనే జరిగింది. పక్క ఊళ్ళో ఒకాయన నూరు గజాల దూరంలో తాటికాయను రాల్చాడు. అది నిజమే, చూసిన వాళ్ళున్నారు. ఆ కాయ ఆయనకు బిరుదయింది. ఆ ధైర్యంతో ఒకనాడు ఎనభై గజాల్లో వున్న పందిని కొట్టాడు. గుండు తొడకు తగిలింది. గాయపడ్డ పంది తుప్పల్లోకి పోక, కోత కోస్తున్న వాళ్ళ వరసలోకి దూరింది. ఒక పాలేరు కాలు చీరేసింది. బతికాడు గాని, చచ్చేదాకా కుంటుతూనే నడిచాడు. తాటికాయ మాట ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు.

తాతగారి లెక్క ఇంకొక రకం. పంది ముందుకాలి వెనక గుండె వుండే చోటు జానెడు వుంటుంది. పదికి పది దెబ్బలూ జానెడులో పడే దూరమే తనకు హక్కున్న దూరం. ఇసుక బస్తా మీద అది నలభై గజాలు. కాని చేలో ఇసుక బస్తా వుండదు గదా! మర్నాడు నిలబడి కొట్టారు. ఈ తుపాకికి ముందు ఒక చిన్న పూస తప్ప వెనక గురి చూసుకునే గాడి లేదు. కన్నే గాడి. చెంప కర్ర మీద అరంగుళం ఎత్తుగా ఆనితే గుండు జానెడుకు పైగానే పైకి పోతుంది. నిలబడి కొట్టిన దెబ్బలు నలభైలో రెండు జాన దాటినవి. ముప్పయిలో పదీ నిలిచినవి. ఆ రోజు కింద రాసిన మాట ఇది: తుపాకిది నలభై, నాది ముప్పయి.

అరవై ఏళ్ళ కిందటి మాట చూశారూ! తన వస్తువు శక్తిని తన శక్తి అనుకోని మనిషి. కాని ఆ ముప్పయి గజాలు మా ఇంటికి ఊరకే రాలేదు.

1964 కార్తీకంలో ఒక తెల్లవారుజామున మా చేను పక్కన రైతు, వరసకు తాతగారికి బావమరిది, పరుగెత్తుకుంటూ వచ్చాడు. పందులు చేలో పడ్డవి. తాతగారు తుపాకి నింపుకుని పోయి గట్టు మీద నిలబడ్డారు. పెద్ద పంది, వెనక పిల్లలు. మధ్య దూరం యాభై గజాలకు తక్కువ లేదు. దగ్గరకు పోదామంటే మధ్యన కోసిన చేను, చాటు లేదు. అటు వెనక కూలీలు వచ్చే డొంక.

“కొట్టు బావా, కొట్టు! ఇంకేం చూస్తున్నావు?”

“దూరం, బావా.”

“దూరమేంది? కనపడుతుంటే దూరమేంది? నా చేను బావా అది!”

తాతగారు కొట్టలేదు. కేకలు వేస్తూ ముందుకు నడిచారు. పందులు పారిపోయే ముందు ఇంకో నాలుగు సాళ్ళు తిరగేసి పోయినవి. ఆ ఏడు ఆ రైతుకు విత్తనం ఖర్చు కూడా రాలేదు. “నీ చేనైతే కొట్టేవాడివి” అన్నాడు. మాఘంలో మా పెద్దత్తయ్య పెళ్ళి. పిలవబోయిన మా నాయనమ్మకు మంచినీళ్ళయినా ఇవ్వలేదు. పెళ్ళికి రాలేదు. రెండేళ్ళు రెండు ఇళ్ళ మధ్యా మాటల్లేవు.

నా మట్టుకు నాకు, కొట్టకపోవడం న్యాయమే. కాని ఆ పుస్తకం తీసుకుపోయి ఆ రైతుకు చూపించి వుండవలసింది. పది చిల్లుల కాగితం చూస్తే అర్థం కానివాడు కాదు ఆయన, చెరువు దగ్గర చాప నిలబెట్టడానికి సాయం వచ్చిన వాళ్ళలో ఒకడే. నా చిన్నప్పుడు ఈ మాట అడిగితే, “చేను పోయినవాడికి లెక్కలు చూపిస్తే పుండు మీద కారం చల్లినట్టు కాదురా?” అన్నారు తాతగారు. ఇదీ ఆలోచించవలసిన మాటే.

తాతగారి తరం భర్మారుతో కుస్తీ పడుతుండగా, తూటా తుపాకి వాళ్ళకు బయటి దేశాల్లో మంచి గుండ్లే వచ్చినవి. జర్మనీలో విల్హెల్మ్ బ్రెన్నెకె 1898లో ఒకటి చేశాడు: బరువైన సీసపు ముక్క, వెనక తేలికైన దట్టీ బిగించి వుంటుంది. అమెరికాలో కార్ల్ ఫాస్టర్ 1931లో ఇంకొకటి: ముందు గట్టి, వెనక డొల్ల. రెండింటి కిటుకూ బాడ్మింటన్ ఈకల బంతిదే. ముందు బరువు, వెనక తేలిక. అంచేత దొర్లకుండా మూతి ముందు పెట్టుకునే పోతుంది. వాటి పక్కన వాలు గీతలుంటాయి. అవి గుండును బొంగరంలా తిప్పుతాయని పెద్ద నమ్మకం. తిప్పేది నామమాత్రమే, మూతి దగ్గర సన్నబడ్డ గొట్టంలోంచి నలిగి జారిపోవడానికి ఆ గీతలు. ఎంత మంచి గుండయినా ఒక తుపాకిలో ముద్దుగా కూచున్నది పక్క తుపాకిలో చెదిరిపోతుంది. కాగితం మీద పది కొట్టి చూడనిదే పెట్టె మీది అచ్చు నమ్మడానికి లేదు.

ఇది చదివి పొయ్యి వెలిగించే ఉత్సాహం ఎవరికైనా కలిగితే, ఒక్క మాట. ఆయుధాల చట్టం 1959లో చేసి 1962 అక్టోబరు నుంచి అమలు చేశారు. లైసెన్సు లేకుండా తుపాకి వుంచుకోవడమే కాదు, తూటాలు తయారుచెయ్యడమూ నేరం. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినాక, పంట తిన్నా సరే, ప్రభుత్వ అనుమతి లేనిదే అడవి పందిని కొట్టకూడదు. గురి మీద సరదా వుంటే దానికి తగిన చోట్లు వేరే వున్నవి. హైదరాబాదు వాడు కైనన్ చెనాయ్ పన్నెండు బోరుతో ఎగిరే మట్టిపళ్ళాలను కొట్టి, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తనకు కాంస్యమూ జట్టుకు స్వర్ణమూ తెచ్చాడు. ఆ ఆటలో తూటాకు 24 గ్రాముల రవ్వలకు మించకూడదు. మా తాతగారి ఒక్క గుండు అంతకంటే బరువు!

ఆయన పరీక్ష ఏటా ఫాల్గుణంలో జరిగేది. 1966 దాకా ముప్పయి నిలిచింది. 1968లో ‘నాది ఇరవై అయిదు’ అని వుంది. ఆ ఏటికి చెరువు కింద కాలవ నీళ్ళు పారుతున్నవి, వేరుశనగ పోయి వరి వచ్చింది. పందులు మాత్రం పోలేదు. 1970లో ఇరవై. పక్కన చిన్నగా ‘పూస రెండుగా కనపడుతున్నది’ అని రాసుకున్నారు. ఆఖరి పరీక్ష 1971. బస్తా మీద పది దెబ్బలు, గుడ్డ చుట్టినవి, నలభై గజాలు, జానెడు లోపు. పదేళ్ళనాటి గుంపు చెక్కు చెదరలేదు. దాని కింద: ‘తుపాకిది నలభై. నాది పదిహేను.’ ఆ వారమే తుపాకి తీసుకుపోయి ఠాణాలో ఒప్పజెప్పి రసీదు తెచ్చుకున్నారు. రసీదు ఆ పేజీకే అంటించి వుంది. దాని తరవాత పేజీలో చింతపండు లెక్క.